తినే చెయ్యి

బొల్లాపల్లి,
ఆగస్టు 9, 1957.

ప్రియమైన శాంతమ్మకు,

నీ వదిన హన్నమ్మ ప్రేమతో రాసేది. నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. కారణం చదివి కంగారు పడవద్దు. మీ అమ్మ కింద పడింది. ప్రాణానికి భయమేమీ లేదు.

మంగళవారం సాయంత్రం మేకను ఇంటికి తోలుకొస్తూ తాడు చేతికి మెలేసుకుంది. ఎన్నిసార్లు చెప్పినా అత్తయ్య ఆ అలవాటు మానదు. నరసరావుపేట బస్సు హారను కొట్టేసరికి మేక బెదిరి ఒక్క లాగు లాగింది. రోడ్డు పక్కన కంకర మీద ఎడమ భుజం ఆనేటట్టు పడిపోయింది. నేను పాఠం ఆపి బడి నుంచి పరుగెత్తుకు వెళ్ళేసరికి కూర్చుని మేకను తిడుతోంది. లేపబోతే కేక పెట్టింది.

మీ అన్నయ్య మరుసటి రోజు నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రే ఫోటో తీశారు. భుజానికి దగ్గరగా చేతి ఎముక చీలిందట, గానీ పక్కకు జరగలేదట. పెద్ద వయసు కాబట్టి ఆపరేషను వద్దు, గుడ్డ మెడకు కట్టి చేతిని అందులో పెట్టుకుంటే చాలన్నారు డాక్టరుగారు. కొన్నాళ్ళాగి తీసుకురమ్మన్నారు. ఇప్పుడు భుజం దగ్గర నుంచి మోచేతి దాకా, రొమ్ము మీద కూడా నేరేడుపండు రంగు కమ్మింది. చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయి.

పలకరించడానికి వచ్చిన వాళ్ళంతా ఒకటే మాట. ఎడమ చెయ్యి కాబట్టి సరిపోయింది, కుడి చెయ్యి అయితే అన్నం ఎలా తినేది అని. నేనూ దానికే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

నువ్వు నర్సువు. నీ చెయ్యి పడితే ఆమెకు సగం నొప్పి తగ్గుతుంది. వారం రోజులకైనా సెలవు పెట్టి రా తల్లీ.

నీ వదిన,
హన్నమ్మ.

*

మదనపల్లె,
ఆగస్టు 17, 1957.

వదినకు వందనాలు.

ఉత్తరం చూసి మనసు మనసులో లేదు. కానీ వచ్చే వీలు లేదు. శానిటోరియంలో మనుషులు తక్కువ, సెలవు అడిగే పరిస్థితి కాదు. పెన్సిలుతో రాస్తున్నానని ఏమీ అనుకోకు, సిరా అయిపోయింది.

భయపడాల్సిన విరుపు కాదిది. పెద్దవాళ్ళలో చానామందికి ఇదే చోట విరుగుతుంది. జరగని ఎముక దానంతటదే అతుక్కుంటుంది. మనం చేయాల్సిందల్లా భుజం బిగుసుకుపోకుండా చూసుకోవడం. ఆ కమ్మిన రంగు కిందకు దిగి మణికట్టు దాకా వచ్చినా బెదరకండి, పసుపుపచ్చగా మారి పోతుంది. పడుకునేటప్పుడు వీపు కింద దిళ్ళు పెట్టి సగం కూర్చున్నట్టు పడుకోబెట్టు. చంకలో మెత్తని గుడ్డ మడిచి పెట్టు. వేళ్ళు, మోచెయ్యి ఇప్పటినుంచే కదిలిస్తూ ఉండాలి.

రెండు మూడు వారాలు కాగానే, అమ్మ కుడి చేత్తో బల్ల పట్టుకుని నడుము వంచి, ఎడమ చేతిని కిందకు వదిలెయ్యాలి. బావిలోకి దించిన చేదలాగా వేలాడాలి. దాన్ని అటూ ఇటూ, చుట్టూ మెల్లగా ఊపాలి. నొప్పెడుతుంది. తిడుతుంది. తిట్టనీ. నువ్వు కరిగిపోయి ఆపించావంటే ఆ చెయ్యి ఇక లేవదు. నీ సంగతి నాకు తెలుసు, చీమను కూడా పక్కకు జరగమని బతిమాలుతావు.

మేకను అమ్మెయ్యమని మాత్రం అనకు. నన్నయినా అమ్ముతుంది గానీ దాన్ని అమ్మదు.

శాంతమ్మ.

*

బొల్లాపల్లి,
సెప్టెంబరు 24, 1957.

ప్రియమైన శాంతమ్మకు,

నీ ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించాను. నీ ఉత్తరాలు రెండేసి సార్లు చదివించుకుంటుంది కదా. చెయ్యి ఊపే సంగతి మాత్రం ఒక్కసారే చదవనిచ్చింది. "దానికేంది, దూరాన కూర్చుని ఊపమంటది. నొప్పి దానిదా" అంది. నవ్వుతూనే అంది.

ఆ తర్వాత నవ్వు తగ్గిపోయింది. తల్లి మూలుగు వింటూ మీ అన్నయ్య ఓర్చుకోలేకపోయారు. ఆ గతుకుల్లో మళ్ళీ బస్సెక్కించి నరసరావుపేట తీసుకెళ్ళడం ఆయనకు ఇష్టం లేదు. మనూళ్ళో కట్లు కట్టే మౌలాలీని పిలిపించారు. అతను కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టు వేశాడు. వెదురు బద్దలు పెట్టి, చేతిని రొమ్ముకు ఆనించి గట్టిగా చుట్టేశాడు. తాను చెప్పేదాకా విప్పొద్దన్నాడు. నీ మాట నేను చెప్పబోతే మీ అన్నయ్య, విరిగిన ఎముకను ఊపమనే వైద్యం ఎక్కడైనా ఉందా అన్నారు.

అందరం ఆమెను పూవులా చూసుకుంటున్నాం. మన సంఘం స్త్రీలు వంతులు వేసుకుని వస్తున్నారు. ఒకరు తల దువ్వుతారు, ఒకరు చీర చుడతారు, ఒకరు మేకకు ఆకు కోసుకొస్తారు. మంచం దిగనివ్వడం లేదు. ఒక్క బయటికి వెళ్ళేటప్పుడు మాత్రం ఎవరినీ వెంట రానివ్వదు. తడబడుతూ తానే కుడి చేత్తో చెంబు పట్టుకుని దడి చాటుకు పోతుంది.

ఇంకో సంగతి. అత్తయ్య ఉపవాసం పట్టింది. మొదట రాత్రి అన్నం మానేసింది. ఇప్పుడు పగలు కూడా పళ్ళెం ముందు కూర్చోదు. కాసిని గంజి పలచగా అడిగి, గ్లాసు పైకెత్తి నోట్లో పోసుకుంటుంది. నేను కలిపి ముద్ద పెడతానంటే, కుడి చెయ్యి సుబ్బరంగా ఉండగా ఒకరి చేత పెట్టించుకునే గతి పట్టలేదంది. ఎందుకు తినవని అడిగితే ప్రార్థనలో ఉన్నానంటుంది. దేవానందం పాస్టరయ్యగారు ఆదివారం కూటంలో ఆమె పేరు చెప్పి, బాధలో కూడా ఉపవాసం చేసే తల్లి మన మధ్య ఉందని అన్నారు. నా మనసు నిండిపోయింది. కానీ ఇంటికొచ్చి చూస్తే ఆమె మెడ దగ్గర ఎముకలు బయటికి కనిపిస్తున్నాయి.

నువ్వెప్పుడు వస్తావో రాయి.

హన్నమ్మ.

*

మదనపల్లె,
అక్టోబరు 12, 1957.

వదిన గారికి,

కట్టు విప్పించండి. ఉత్తరం అందిన రోజునే. ఎముకను బతికిస్తున్నామనుకుంటూ కీలును చంపుతున్నారు. ఆ వయసులో కట్టేసి ఉంచిన భుజం తలుపు కొయ్యలా బిగుసుకుంటుంది. అన్నయ్యకు అర్థం కాకపోతే ఈ ముక్క చూపించండి. పూవులా చూసుకోవడం చాలు, మనిషిలా చూడండి.

ఇది ఒక సంగతి. రెండోది రాయడానికి నాకు కష్టంగా ఉంది. దేవానందం అయ్యగారు నాకు ఉత్తరం రాశారు. ఈ నెల ప్రభువు బల్ల ఆరాధనలో, రొట్టె పంచేటప్పుడు, పళ్ళెం అమ్మ ముందుకు వస్తే చెయ్యి కొంగు కింద దాచుకుందట. పుట్టి బుద్ధెరిగాక అమ్మ బల్ల మానలేదు. ఇంట్లో ఎవరితోనైనా మనస్పర్థ ఉందేమో, సమాధానపడకుండా బల్లకు రాకూడదని ఆగిందేమో కనుక్కోమన్నారు. పిల్లలు దూరాన చదువుకుంటున్నారు, ఇంట్లో అమ్మ కాక ఉన్నది మీరిద్దరే. అన్నయ్యతో అమ్మ ఎన్నడూ గొడవ పడదు.

ఎముక విరిగిన మనిషి ఉపవాసం ఉంటానంటే ఎవరైనా ఒప్పుకుంటారా? అమ్మకు అన్నం పెడుతున్నారా వదినా? ఇంతకు మించి అడగలేను. నేను వచ్చి చూసుకోలేనని తెలిసి ఎవరేమి చేసినా చెల్లుతుంది.

శాంతమ్మ.

*

బొల్లాపల్లి,
అక్టోబరు 25, 1957.

శాంతమ్మకు,

ఈసారి నన్ను మీరు అని రాశావు. నేను ఈ ఇంటికి వచ్చిన రోజున నువ్వు పరికిణీ కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నావు. నీకు జడ వేసింది నేను. నర్సు చదువుకు పంపమని మీ నాన్నగారి కాళ్ళ దగ్గర కూర్చుని అడిగింది నేను. ఇవి చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ నువ్వు అడిగిన ప్రశ్న చదివాక పొయ్యి దగ్గర కూర్చుని అన్నం వార్చడం మరిచిపోయాను. మాడిపోయింది.

పెడుతున్నాను శాంతమ్మా. మూడు పూటలా పెడుతున్నాను. జొన్న సంగటి చేశాను, తోటకూర పప్పు చేశాను, ఆమెకు ఇష్టమని ఎండు చేపలు తెప్పించాను. పళ్ళెం ముందు పెట్టి బతిమాలుతున్నాను. ముఖం తిప్పుకుంటుంది. కొడుకు వచ్చి అడిగితే కోడలు పెట్టింది, తిన్నానంటుంది. ఆమె అలా అన్నప్పుడల్లా ఆయన నా వైపు చూస్తారు. బావి దగ్గర ఆడవాళ్ళు నేను రాగానే మాట మార్చేస్తున్నారు. బడిలో పిల్లల తల్లి ఒకామె, ప్రార్థనలు చేసే వాళ్ళ ఇళ్ళల్లోనూ ఇంతేనా అందట.

కట్టు విప్పించాను. మౌలాలీనే పిలిచి, నువ్వు రాసింది చదివి వినిపించాను. పాపం, ఎదురు చెప్పలేదు. ఎద్దులకైతే కదపకపోతేనే అతుకుతుందమ్మా, మనిషి కీలు సంగతి వేరేమో అన్నాడు. విప్పి చూస్తే చంక కింద ఒరుసుకుని పుండయింది. చెయ్యి సన్నబడి వేరే ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. నువ్వు చెప్పినట్టు వంగబెట్టాను. చేద వేలాడినట్టు వేలాడలేదు. మోచెయ్యి కాస్త కదిలింది, భుజం రాలేదు. నేను పట్టుకుని ఊపబోతే అత్తయ్య నా జాకెట్టు పట్టుకుని, చిన్నపిల్లలాగా, నన్ను వదిలెయ్యవే అని ఏడ్చింది. వదిలేశాను. నాకు చేతకావడం లేదు.

నిన్న దడి దగ్గర తూలి కూలబడింది. కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. వెంట రానివ్వమంటే ఎందుకంత కోపమో తెలియదు. అక్కడి నుంచి వచ్చాక కుడి చేతిని బూడిద పెట్టి తోముతుంది. అదే పనిగా తోముతుంది. వేళ్ళ సందులు పగిలి నెత్తురు వస్తోంది. నూనె రాస్తానంటే చెయ్యి లాక్కుంటుంది. నన్ను ముట్టుకోనివ్వదు. మతి తప్పుతోందేమోనని భయంగా ఉంది.

నేను దేవునితో పోట్లాడే మనిషిని కాదు. కానీ నిన్న బడి గదిలో ఒంటరిగా మోకరించి, ఈమె ఇలా తినకుండా పోతే నేనీ ఊళ్ళో ఏ ముఖంతో బతకాలో చెప్పమని అడిగాను. నా పేరు కోసం ఏడుస్తున్నానేమోనని సిగ్గేసింది. నా పేరు పోతే పోనీ, మనిషి దక్కాలి. ఈ లెక్కన క్రిస్మసుకు ఉండదు. నువ్వు రా. నన్ను తిట్టడానికైనా రా.

హన్నమ్మ.

*

మదనపల్లె,
నవంబరు 3, 1957.

వదినా,

నన్ను క్షమించు. ముందు ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. అమ్మకు వినిపించకు.

నీ ఉత్తరంలో బూడిద దగ్గరికి వచ్చేసరికి నాకంతా తెలిసిపోయింది. అమ్మకు మతి తప్పలేదు. ఉపవాసమూ కాదు. నీ మీద కోపమూ కాదు. విరిగింది ఎడమ చెయ్యి వదినా. బయటికి వెళ్ళినప్పుడు మనందరం కడుక్కునే చెయ్యి. దాన్ని రొమ్ముకు కట్టేశారు. ఇప్పుడు విప్పినా అది వెనక్కి పోదు. ఎవరినీ వెంట రానివ్వదు. ఇక మిగిలింది కుడి చెయ్యే. ఆ చేత్తో కడుక్కుని, అదే చేత్తో అన్నం ఎలా తింటుంది? ఎన్నిసార్లు తోముకున్నా మనసు ఒప్పుకోదు. ఆ చేత్తో ప్రభువు రొట్టె ఎలా ముట్టుకుంటుంది? అందుకే కొంగు కింద దాచుకుంది. నువ్వు ముద్ద పెట్టినా తినదు, ఎందుకంటే తింటే మళ్ళీ బయటికి వెళ్ళాలి. మీరంతా దాన్ని భక్తి అన్నారు. అమ్మకు అదే మేలనిపించింది.

నాకెలా తెలిసిందంటావేమో. నేను సెలవు అడగలేదు వదినా. అడగడానికి నేనిప్పుడు నర్సును కాదు. జూన్ నెలలో దగ్గితే నెత్తురు పడింది. అప్పటినుంచి నేను పనిచేసిన క్షయ వార్డులోనే మంచం మీద ఉన్నాను. వెల్లకిలా పడుకునే ఉండాలి, లేవకూడదు. పడుకుని రాస్తే సిరా దిగదు, అందుకే పెన్సిలు. సూదిమందు ఇస్తున్నారు. తగ్గుతుందని అంటారు. నేనూ ఎందరికో అలాగే చెప్పాను.

మొదటి రోజుల్లో నేను నీళ్ళు తాగడం మానేశాను. నిన్నటి దాకా నేను పని చెప్పిన ఆయా ఖాతూన్ బీ చేత పళ్ళెం పెట్టించుకోవాలి, కడిగించుకోవాలి. చచ్చిపోతే బాగుండుననిపించింది. ఆమెకు అర్థమైంది. ఒకరోజు తలుపు వేసి వచ్చి నా పక్కన నిలబడి అడిగింది. "సిస్టరమ్మా, ఎంతమందికి ఈ పని నా చేత చేయించావు. వాళ్ళంతా నీకంటే తక్కువోళ్ళా?" ఆ రోజు నీళ్ళు తాగాను.

అమ్మను అడగొద్దు. అడిగితే ఒప్పుకోదు. చెంబు తీసుకుని వెంట వెళ్ళు, అంతే. చెయ్యి ఊపడం మానొద్దు, వేన్నీళ్ళ కాపడం పెట్టి తర్వాత ఊపించు. ముందుకు కాస్త లేస్తుంది, పక్కకు కాస్త వస్తుంది. వెనక్కి వెళ్ళడం అన్నిటికంటే చివర. ఇంత ఆలస్యం అయ్యాక అది రాకపోనూ వచ్చు. అందుకే చెబుతున్నాను, ఈ పని నాలుగు రోజులది కాకపోవచ్చు. నా తల్లికి నేను చేయాల్సింది నీ మీద వేస్తున్నాను. అమ్మకు అన్నం పెడుతున్నారా అని నిన్ను అడిగిన నోటితోనే.

శాంత.

*

బొల్లాపల్లి,
డిసెంబరు 2, 1957.

నా తల్లి శాంతమ్మకు,

నీ ఉత్తరం నేనొక్కదాన్నే చదువుకోలేకపోయాను. పోస్టు అతను కవరు అత్తయ్య చేతికే ఇచ్చాడు. నేను బడి నుంచి వచ్చేసరికి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. లోపల ఒకసారి చూసుకుని వస్తానన్నాను. "నా కూతురు నాకు రాసింది నువ్వు చాటుగా చదివేదేంది, ఇక్కడే చదువు" అంది. మొదలుపెట్టాను. క్షమించమని రాసిన దగ్గరే ఆగిపోయాను. ఏదో కల్పించి చదువుదామనుకున్నాను, నాకు రాలేదు. నీ మాట దాటి మొత్తం చదివేశాను. తన చెయ్యి సంగతి వచ్చినప్పుడు గోడ వైపు తిరిగింది. నీ సంగతి వచ్చినప్పుడు ఇటు తిరిగింది.

రెండోసారి చదవమనలేదు. దానికి జ్వరం వస్తోందా అని అడిగింది. రాయలేదన్నాను. ఆ సాయిబుల ఆమె పేరు ఇంకోసారి చెప్పమంది. సాయంత్రం ప్రార్థనలో ఆ పేరు పెట్టి ప్రార్థించింది. ఆ రోజూ అన్నం తినలేదు.

మర్నాడు ఉదయం చెంబుతో ఆమె వెనకే వెళ్ళాను. ఛీ, అవతలకు పో, నీ మొగుణ్ణి కన్నదాన్ని నేను, ఇంత బతుకు బతికి కోడలి చేత కడిగించుకోవాలా అని తిట్టింది. మీ అన్నయ్యను పిలుస్తానని బెదిరించింది. నేను కదలలేదు. ఇన్నేళ్ళలో ఆమెకు ఎదురు చెప్పడం నాకదే మొదలు.

"అత్తయ్యా, అక్కడ శాంతమ్మకు చేస్తున్నది ఎవరో పరాయి మనిషి. మీకు నేను ఆపాటి కూడా కానా?"

ఆమె చెంబు నాకిచ్చింది. తల దించుకుంది. కన్నీళ్ళు చీర మీద పడుతూ ఉన్నాయి. ఆ పని గురించి రాయడానికేమీ లేదు శాంతమ్మా. నా పిల్లలకు చేశాను, అలాగే చేశాను. లేపి నిలబెట్టి చీర సర్దాను. మధ్యాహ్నం పళ్ళెం పెడితే కుడి చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత అన్నంలో పెట్టింది. కొంచెమే తింది. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు వెనక కూర్చున్నాను.

తర్వాత కూడా తేలిగ్గా జరగలేదు. కొన్ని రోజులు చెప్పకుండా ఒక్కతే వెళ్ళింది, మళ్ళీ అన్నం మానేసింది, మళ్ళీ వెంట వెళ్ళాను. మీ అన్నయ్యకు చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని ముఖం చేతుల్లో పెట్టుకున్నారు. అయ్యగారికి మాత్రం చెప్పలేదు. ఊళ్ళో ఏమనుకుంటారో అననీ. ఇది ఆమె సొంత సంగతి.

పోయిన గురువారం, నేను పొయ్యి వెలిగిస్తుంటే, పెరట్లోంచి నన్ను పేరు పెట్టి పిలిచింది. "హన్నా, రా" అంది. అంతే.

నిన్నటి సంగతి చెబుతాను. చెయ్యి ఊపించే వేళకు నేను వేన్నీళ్ళు పెడుతుంటే, మదనపల్లెకు ఏ రైలెక్కాలని మీ అన్నయ్యను అడిగింది. ఎందుకన్నారాయన. నేను పోతానంది. నా కూతుర్ని ఇంకొకరు కడుగుతుంటే ఇక్కడ నేను నీ పెళ్ళాం చేత కడిగించుకుంటూ కూర్చోవాలా అంది. ఈ చేత్తో నువ్వేం చేస్తావమ్మా అన్నారాయన. ఆమె వచ్చి బల్ల పట్టుకుని వంగింది.

మోసపుచ్చి రాయలేను. చెయ్యి ముందుకు రొమ్ము ఎత్తు దాకా వచ్చి ఆగిపోతోంది. వెనక్కి నడుము దాకా కూడా పోవడం లేదు. ఎప్పటికైనా పోతుందో లేదో నువ్వే రాశావు. నేను ఊపడం లేదు, ఆమే ఊపుకుంటోంది. నొప్పికి పెదవి కొరుక్కుని, గట్టిగా ఏడుస్తూ ఊపుకుంటోంది. నేను తట్టుకోలేక ఇవాళ్టికి చాలు అత్తయ్యా అంటే, ఆపకుండానే నన్ను తిడుతోంది.

నీ వదిన,
హన్నమ్మ.